పల్లవికి చేరే చరణం: తెలుగు క్రైస్తవ ఆనంద సాధన

బస్తరు దక్షిణపు కొసన తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న పామేడు ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు చెందినదే అయినా, అక్కడికి చిరకాలంగా తెలంగాణలోని చర్ల మీదుగా వెళ్లే దారే దగ్గర కావడం వల్ల, ఆ ప్రాంతపు కోయ, దోర్ల గిరిజన కుటుంబాలకు తెలుగు పరాయి భాష కాలేదు. చర్లకు దిగువన గోదావరి ఒడ్డున ఉన్న దుమ్ముగూడెంలో 1860ల ఆరంభంలో కోయ మిషన్ అనే క్రైస్తవ సేవ మొదలైంది. నదిని పడవలు నడిచే జలమార్గంగా మార్చే పనిమీద వచ్చిన సైనిక ఇంజనీరు హెయిగ్ చొరవ చూపగా, ఇంగ్లండు ఆంగ్లికన్ సంఘానికి చెందిన సువార్త సంస్థ చర్చి మిషనరీ సొసైటీ దాన్ని నడిపింది. జలమార్గపు పనులు 1871లో ఆగిపోయాయి, మిషన్ మాత్రం నిలిచింది. ఈ అడవి అంచు సంఘాలకూ కోస్తా తెలుగు సంఘాలకూ ఉమ్మడి ఆస్తిగా మిగిలింది కట్టడాలకన్నా, దేవునిలో ఆనందించడాన్ని నేర్పే ఒక పద్ధతి.

ఆనందాన్ని నేర్పడమేమిటన్న సందేహం సహజమే. క్రైస్తవ గ్రంథాలు ఆనందాన్ని ఆత్మ ఫలంగా, అంటే దేవుని ఆత్మ మనిషిలో పండించేదిగా చెబుతూనే, ఆనందించండని ఆజ్ఞాపిస్తాయి కూడా. ఈ రెంటినీ కలిపి చదివితే ఆనందం కేవలం మనఃస్థితి కాదని, మనిషి తన ముఖాన్ని ఎటు తిప్పుకొంటాడన్నదానిపై ఆధారపడినదని తెలుస్తుంది. పౌలు ఫిలిప్పీయులకు పత్రిక రాసింది బంధకాల్లో ఉండగా, అయినా నాలుగే అధ్యాయాల ఆ పత్రికలో సంతోషం ప్రస్తావన పదే పదే వస్తుంది. హబక్కూకు ప్రవక్త మరింత దూరం వెళ్లి, చెట్లు కాయకపోయినా, చేను పండకపోయినా, దొడ్డిలో పశువు మిగలకపోయినా తన రక్షకునిలో సంతోషిస్తానంటాడు. పంట పోవడమంటే ఏమిటో అనుభవంతో తెలిసిన రైతు ముందు ఈ మాట తేలికగా పలికేది కాదు, కనుకనే దానికి విలువ.

ఈ ఆనందాన్ని తెలుగు సంఘం ప్రధానంగా పాటలో దాచుకుంది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి 1833లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలైనవారు సంగీతాన్ని పడమటి బాణీల నుంచి అరువు తెచ్చుకోక, భజన గోష్ఠిలో అప్పటికే స్థిరపడిన కీర్తన రూపాన్ని ఎన్నుకొన్నారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అనే సంకలనం ఇప్పటికీ పాటల మీద రాగ తాళాల పేర్లు ముద్రిస్తుంది. పల్లవి అంటే పాట తిరిగి తిరిగి చేరుకొనే మొదటి భాగం. చరణం అంటే దాన్ని విస్తరించే భాగం. విశ్వాసి తన పాపాన్ని, రోగాన్ని, ఒంటరితనాన్ని చరణంలో ఎంత పొడవుగానైనా చెప్పుకోవచ్చు, కాని తాళం తప్పకుండా మళ్లీ పల్లవికి రావలసిందే. పల్లవిలో స్తుతి ఉన్నప్పుడు దుఃఖం మాయం కాదు, దాని పక్కన మరొక మాట నిలబడుతుంది. నాయకుడు ఒక పాదం అందించగా జనం దాన్నే తిరిగి పాడే ఏర్పాటు వల్ల చదువురానివారికీ పాట కంఠస్థమయింది. పుస్తకం అందని, దీపం లేని రాత్రి కూడా నోటికి వచ్చిన పాట వారికి అందుబాటులో ఉంటుంది. ఉపదేశం కన్నా ఇది గట్టి ఆస్తి.

కీర్తన గుంపుది కాగా, ఒంటరి సాధనకు మరొక పద్ధతి ఉంది. రాజమండ్రి లూథరన్ సంఘంలో పనిచేసి 1938లో బైబిలు మిషన్‌ను నెలకొల్పిన ఎం. దేవదాసు ‘దైవసన్నిధి’ అన్నదానికి క్రమం ఏర్పరచారు. మొదట చెదిరిన తలంపులను కూడదీసుకొని మనస్సును నిలుపుకోవడం, తరువాత తప్పులు ఒప్పుకోవడం, తనను తాను సమర్పించుకోవడం, మనవి, స్తుతి, చివరికి ఏమీ అడగక మౌనంగా వేచి ఉండడం ఇందులోని మెట్లు. ఈ వేచి ఉండడాన్నే ‘కనిపెట్టుట’ అంటారు. ఇందులో గమనించదగ్గ విషయం, మనవి తరువాత కూడా కూర్చోవలసి ఉండడం. అడగవలసింది అడిగి లేచిపోయే తొందరను ఈ క్రమం ఆపి, వరం మీది దృష్టిని వరమిచ్చేవాని మీదికి మళ్లిస్తుంది. మొదటివారంలో ఏమీ అనిపించక విసుగు కలగవచ్చు. విసుగును కూడా భరించడం సాధనలో భాగమే.

మూడోది, పంచుకోవడం. ద్వితీయోపదేశకాండంలో పండుగ సంతోషంలో పనివారిని, పరదేశిని, అనాథను, విధవరాలిని కలుపుకోవాలని ఆజ్ఞ ఉంది. ఒంటరిగా తినే పండుగ అక్కడ పండుగ కాదు. 1912లో దోర్నకల్ బిషప్పు అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గ్రామ సంఘాల్లో ఊరేగింపులకు, పండుగలకు, పాటలకు పెద్దపీట వేశారు. కోత పండుగకు ధాన్యం, కోళ్లు, కాయగూరలు బలిపీఠం ముందుకు రావడం, పొయ్యిమీద ఎసరు పెట్టేముందు స్త్రీలు పిడికెడు బియ్యం సంఘానికి విడిచి పెట్టడం ఈ సంతోషానికి చేతల రూపం. బీదవారే ఇచ్చినందువల్ల దీన్ని వసూలుగా చూసే పొరపాటు కొందరు విమర్శకులు చేస్తుంటారు, ఇచ్చే స్థాయికి తాము ఎదిగామన్న ఆత్మగౌరవం ఆ పిడికిలిలో ఉందని వారు లెక్కలోకి తీసుకోరు.

నేటి సభల్లో శబ్దం పెంచి, చప్పట్లను కొలమానం చేసి, ఉద్వేగాన్నే ఆనందంగా చూపే ధోరణి బలపడింది. దాన్ని పూర్తిగా తీసిపారేయనక్కరలేదు, దావీదు కూడా మందసం ముందు నాట్యమాడాడు. అయితే బైబిలులోని నూట యాభై కీర్తనల గ్రంథంలో విలాపాలకు చాలా చోటుంది. ఎనభై ఎనిమిదవ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, దానికి ఓదార్పు తోక తగిలించాలని ఎవరూ అనుకోలేదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లిని వెంటనే నవ్వమనే బోధ ఈ గ్రంథానికి పరాయిది.

పామేడు వంటి చోట ఈ సంప్రదాయానికి ఇంకొక పరీక్ష ఉంది. తెలుగు కీర్తన కోయ విశ్వాసికి అర్థమైనా, అది అతని తల్లి పాడిన పాట కాదు. దుమ్ముగూడెంలో పనిచేసి కోయల ఆచారాలపై రాసిన జాన్ కెయిన్ సువార్త భాగాలను కోయలోకి తెచ్చారు, కాని గ్రంథాన్ని తర్జుమా చేసినంత మాత్రాన పాట పుట్టదు. ఒకరు అందించగా వరుసలో నిలిచిన స్త్రీలు అందుకొనే కోయల రేల పాటలో పల్లవి పనిచేసే తీరు ముందే ఉంది. కీర్తనలను కోయలోకి మార్చి పంపడం కన్నా, ఆ బాణీలోనే కోయలు తమ స్తుతిని తామే కట్టుకొనేలా సంఘాలు చోటివ్వడం, పురుషోత్తమ చౌదరి తన కాలంలో చేసినదానికి నిజమైన కొనసాగింపు అవుతుంది.