మోకాలికి చోటు

భద్రాచలం దాటి, చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ ఎక్కే డ్రైవర్‌కు క్లచ్, బ్రేకుల మీద కాలికి తీరికే ఉండదు. ఆరడుగుల మనిషైతే మలుపు మలుపుకూ మోకాలు స్టీరింగ్‌కు తగులుతుంది. ఆ బాధ తీర్చే వెల్డింగ్ మేస్త్రీలన్నా, సీటు కుట్టేవాళ్లన్నా నాకెంతో గౌరవం.

మంచి మేస్త్రీ టేపు తీయకముందే డ్రైవర్ని కూర్చోబెడతాడు. "క్లచ్ మొత్తం తొక్కన్నా" అంటాడు. అలా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. సీటు వెనక్కి జరపడం ఎవరికైనా తోస్తుంది. వెనక రేకు అడ్డొచ్చినప్పుడే అసలు పనితనం బయటపడుతుంది. స్పాంజి మందం తగ్గిస్తాడు, వీపు వైపు కాస్త వాలుస్తాడు, సీటు స్టాండు కోసి దించుతాడు. దించితే తలకూ, స్టీరింగ్ కింద తొడకూ చోటొస్తుంది. కానీ మోకాళ్లు పైకి లేచి తొడలకు ఆసరా పోతుంది. అందుకే కుషన్ ముందంచు ఎత్తు చేస్తాడు. కొత్త బోల్టు వేసినచోట ఫ్లోరు అడుగున మందపాటి ఇనుప ప్లేటు పెడతాడు. ఉత్త రేకుకు బిగిస్తే, బండి గుద్దుకున్నప్పుడు సీటు ఊడొస్తుంది. నా దృష్టిలో పనిమంతుణ్ణి పట్టిచ్చేది ఆ ప్లేటే.

ఈ చోటు తిప్పలు మన దగ్గరే కాదు. ఇంగ్లండులో 1957లో కోలిన్ చాప్‌మన్ తెచ్చిన లోటస్ సెవెన్, విడిభాగాలు కొని ఇంట్లోనే బిగించుకోగలిగిన స్పోర్ట్స్ కారు. దాని వారసులైన కేటర్‌హామ్ కార్లలోనూ పొడగరుల కోసం ఫ్లోరు కిందికి దించుతారు. పెడల్స్ దగ్గర చోటు ఎంత ఇరుకంటే, వేసుకునే బూటు వెడల్పు కూడా చూసుకోవాల్సిందే.