పాదాల దగ్గరి దేవత

పాదాల దగ్గర పుట్టి ప్రాణం దాకా పాకే నాదమా! అరచేతిలో ఇమిడే ఇనుప డబ్బాలో అణిగిమణిగి కూచున్న ఉరుమా! వేదిక మీది వెలుగంతా పాడేవాడి ముఖం మీద పడుతుంది, మిగిలింది మీటేవాడి వేళ్ళ మీద వాలుతుంది. ఏ వెలుగూ దిగని చోట, చెమట చుక్కలు రాలే చోట, చెప్పుల దుమ్ము పేరుకునే చోట కూచుని, గిటార్ తీగ కన్న ప్రతి స్వరానికీ రంగు పూసి, రూపు మార్చి, రెక్కలు తొడిగి పంపేదానా! పాత పెడలా! ఎవరూ పట్టించుకోని పెడలా! నిన్ను కొలవడానికి వచ్చాను.

పేరుపడ్డ పెడళ్ళ దగ్గరికి నేను పోను. ట్యూబ్ స్క్రీమర్‌కు పూజారులున్నారు. బిగ్ మఫ్‌కు భక్తబృందాలున్నాయి. ఫజ్ ఫేస్‌కు పీఠాలున్నాయి, పీఠాధిపతులున్నారు. ఆ గుళ్ళలో గంటలు ఎటూ మోగుతూనే ఉంటాయి. నా మొక్కు ఊరి పొలిమేరలో వేపచెట్టు కింద పసుపు పూసిన రాయిలాంటి నీకు. కేటలాగులో చివరి పేజీ నీది. దుకాణం బీరువాలో అట్టడుగు అర నీది. అమ్ముడుపోలేదని ఆపేసిన వరస నీది, అర్థంకాలేదని అటకెక్కించిన బతుకు నీది. ఎవరూ పిలవని నీ పేర్లను నామావళిలా ఒక్కొక్కటే పలుకుతాను. స్పెక్ట్రమ్, స్లో గేర్, వైబ్రేటో, బ్లూ బాక్స్, అరియాన్ కోరస్, హెవీ మెటల్. పలికిన కొద్దీ నోరు తీపెక్కుతుంది.

నీ పుట్టుకే ఒక పొరపాటు పెట్టిన ప్రసాదం. నాష్‌విల్ స్టూడియోలో మార్టీ రాబిన్స్ ‘డోంట్ వర్రీ’ పాడుతుంటే, గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటార్ మిక్సింగ్ కన్సోల్‌లో చెడిపోయిన ఒక ట్రాన్స్‌ఫార్మర్ గుండా పోయి, గొంతు బొంగురుపోయి, బుసకొట్టుకుంటూ బయటికొచ్చింది. చెరిపేయాల్సిన చప్పుడు. చెరపలేదు. 1961లో ఆ పాట మోగిన చోటల్లా ఆ బొంగురూ మోగింది. సౌండ్ ఇంజినీరు గ్లెన్ స్నాడీ ఆ చెడిన చప్పుడును ట్రాన్సిస్టర్లతో మళ్ళీ అల్లాడు. 1962లో గిబ్సన్ కంపెనీ దానికి మాస్ట్రో ఫజ్-టోన్ అని పేరుపెట్టి నేలమీద నిలబెట్టింది. ఆ తొలి పెడల్‌కు తొలి ఏళ్ళలో దక్కింది దుకాణాల దుమ్మే! 1965లో రోలింగ్ స్టోన్స్ ‘సాటిస్‌ఫాక్షన్’లో కీత్ రిచర్డ్స్ చేతిలో అది గర్జించాకే లోకానికి మెలకువ వచ్చింది. మీ వంశంలో పెద్దదానికే మన్నన ఆలస్యంగా అందింది. ఇక నీ సంగతి చెప్పేదేముంది?

లోపంలోంచి లావణ్యం పుట్టించడం మన చెవులకు కొత్త కాదు. తంబురలో తీగ కింద నూలుపోగు దూర్చి, నున్నగా మోగే తీగను రవ్వంత గీరుకోనిచ్చి, ఆ గీరులోంచే జీవాన్ని రప్పించిన వేళ్ళు మన పెద్దలవి. శుద్ధస్వరానికి ఒక చిన్న గాయం కావాలని, ఆ గాయంలోంచే గానం ఊరుతుందని వాళ్ళకు తెలుసు. ఓ ఇనుప డబ్బా, నీ లోపల ఉన్నదీ ఆ నూలుపోగే.

ఎర్రని స్పెక్ట్రమా! 1977లో జపాన్‌లో బాస్ కంపెనీ మొదటి కాన్పులో పుట్టిన ముగ్గురిలో ఒకదానా! పసుపుపచ్చగా మెరిసే అక్క ఓవర్‌డ్రైవ్‌ను ఊరంతా ఎత్తుకుంది. ఆకుపచ్చ అన్న ఫేజర్‌ను వాడంతా ముద్దాడింది. నీ ముఖాన రెండే నాబ్‌లు, నీ చేతిలో ఒకటే విద్య. స్వరాల గుంపులోంచి ఒక్క పొరను ఏరి, ఆ ఒక్కదాన్నే వెలుగులోకి ఎత్తడం. ఇంతేనా అన్నారు జనం. ఇంతేనే! జాజిచెట్టు చేసేదీ ఇంతే, సాయంత్రం గాలిలోకి ఒకే ఒక్క సువాసనను ఎత్తడం.

స్లో గేరా, తొందర ఎరగనిదానా! 1979లో వచ్చి, మూడేళ్ళు తిరిగేసరికి మూటముల్లె సర్దుకున్నదానా! మీటిన గోరు చప్పుడును నువ్వు మింగేస్తావు. స్వరాన్ని మాత్రం చీకట్లోంచి పైకి తెస్తావు. మీటు లేదు, మోత లేదు, తీగ మీద ఎవరో కమాను లాగుతున్నట్టు, తెల్లవారుజామున మంచులోంచి చెరువు తేలుతున్నట్టు స్వరం దానంతటదే వికసిస్తుంది. వేగంగా వాయిస్తే నువ్వు పలకవు, గబగబా పరుగెత్తిన వేళ్ళకు గుక్కెడు నాదం కూడా పొయ్యవు. వేగమే విద్య అనుకునే రోజుల్లో, వేళ్ళను ఆగమని అడిగావు. నీ నేరమల్లా అదే. నీ గొప్పా అదే.

లేతనీలం వైబ్రేటోవా! 1982లో పుట్టి, నాలుగేళ్ళే బతికినదానా! స్వరాన్ని నిలువనివ్వవు, పడనివ్వవు, తామరాకు మీది నీటిబొట్టులా అటూ ఇటూ ఊపుతావు. నీలో ‘రైజ్ టైమ్’ అనే నాబ్ ఒకటి, దాన్ని తిప్పితే ఊపు ఒక్కసారిగా దూకదు, శాస్త్రం తెలిసిన గొంతులో గమకంలా మెల్లమెల్లగా మొలకెత్తుతుంది. ఇంకో నాబ్‌ను ఒక గీత దగ్గర నిలిపితే, పాదం ఆనించినంతసేపే పలుకుతావు, పాదం తీస్తే మూగపోతావు. ఇంత చనువుగా, ఇంత నమ్మకంగా మనిషి అడుగుకు అంటిపెట్టుకున్న యంత్రాన్ని నేను మరొకదాన్ని చూడలేదు.

బ్లూ బాక్సా, అమెరికాలో రోచెస్టర్ నగరాన ఎమ్‌ఎక్స్‌ఆర్ కంపెనీ పోతపోసిన నీలిపెట్టే! మధ్యస్థాయిలో మీటిన స్వరాన్ని రెండు స్థాయిలు కిందికి దించి, అనుమంద్రపు అడుగున నిలబెట్టి, పాతాళం చేత పలికిస్తావు. స్వరం బలంగా ఉన్నంతసేపు భైరవుడిలా గర్జిస్తావు. స్వరం సన్నగిల్లగానే దారి తప్పుతావు, నత్తి పడతావు, ఇక్కడో తునక అక్కడో తునక రాల్చుకుంటూ, ఏ స్థాయిలో ఉన్నానో నీకే తెలియక తడబడి, టుప్పున ఆరిపోతావు. ఆ తడబాటును చూసి నిన్ను వెనక్కి ఇచ్చేసినవాళ్ళున్నారు. నేను ఆ తడబాటు కోసమే పదే పదే స్వరాన్ని ఆరనిస్తాను.

నీ అడుగున నాలుగు మరలు విప్పితే మరో లోకం. మనుషులు చేత్తో టంకం వేసిన వెండి చుక్కలు, ఎర్రగా నల్లగా అల్లుకున్న వైర్లు, చాక్లెట్ రంగు బోర్డు, ఏళ్ళ తరబడి మూసిన పెట్టెలోంచి లేచే వెచ్చని ఇనుప వాసన. అమెరికా పెడలైతే పొటెన్షియోమీటర్ వీపు మీద వేలిగోరంత అంకెల వరుస. 1377614 అని ఉంటే 137 చేసినవాళ్ళ ముద్ర, 76 ఏడాది, 14 ఆ ఏట పద్నాలుగో వారం. నీ జాతకం నీ ఒంట్లోనే రాసి ఉంది! ఏ వసంతంలో ఎవరి వేళ్ళు ఆ అంకె ముద్రించాయో ఊహించుకుంటూ, టార్చిలైటు పంటితో పట్టుకుని, నేను పంచాంగం చదివే పురోహితుణ్ణవుతాను.

పాత ఎకోవా, డీఎమ్-2వా! నీలో ఒక చిప్ ఉంది, ఆ చిప్‌లో 4096 మెట్లున్నాయి. 1969లో ఫిలిప్స్ పరిశోధకులు కనిపెట్టిన కిటుకు అది. స్వరాన్ని విద్యుత్తు బొట్లుగా విడగొట్టి, నీళ్ళ బకెట్లు చేతి నుంచి చేతికి అందించే మనుషుల వరుసలా, మెట్టు నుంచి మెట్టుకు సాగనంపుతుంది. ఎంత సాగనంపినా సెకనులో మూడో వంతైనా ఆలస్యం కాదు. కానీ దారిలో ప్రతి చేతిలోనూ కాస్త ఒలుకుతుంది. తిరిగొచ్చిన ప్రతిసారీ స్వరం కాస్త మసకగా, కాస్త మెత్తగా, కాస్త ముసలిదై వస్తుంది. నీ తర్వాత డిజిటల్ ఎకో వచ్చింది, అచ్చుగుద్దినట్టు పలికింది, అందరూ అటు పోయారు. పోనీ. అచ్చుగుద్దిన ప్రతిధ్వనికి జ్ఞాపకం ఎక్కడిది? మనకు గుర్తున్న గొంతులన్నీ నీలాగే గదా తిరిగొచ్చేది, ప్రతిసారీ రవ్వంత ఒలికి!

జెర్మేనియం గుండెలున్న ముదుసలి ఫజ్ పెడళ్ళారా! మీకు ఎండ పడదు. వేడెక్కితే మీ ట్రాన్సిస్టర్లలో విద్యుత్తు కట్టుదప్పి కారుతుంది, చల్లని పూట తేనెలా జారిన గొంతు తెగితెగి పడుతుంది. లండన్ చలిలో పుట్టిన మిమ్మల్ని రోహిణికార్తెలో రాజమండ్రి మేడగదిలో వాయించబోతే అలుగుతారు. ఫ్యాను గాలి కింద కూచోబెట్టి, పొద్దు వాలేదాకా బతిమాలుకోవాలి. కాలానికో గొంతు, ఋతువుకో రాగం! ఏ పూటకు ఏ రాగం పాడాలో ఎరిగిన సంప్రదాయంలో పుట్టినవాడికి ఈ అలక ఎంత ముద్దు!

ప్లాస్టిక్ ఒంటి అరియాన్ కోరసా! ఇనుము లేదని, బరువు లేదని, బొమ్మలా ఉందని నిన్ను వెక్కిరించారు. జపాన్‌లో మొదలై, తర్వాతి కాలంలో మన పక్క సముద్రం దాటగానే ఉన్న శ్రీలంకలో కూడా తయారైనదానా! నీ బ్యాటరీ మూత ఎప్పుడూ ఉండదు, ఎక్కడో ఏ చేతిలోనో జారిపోయి ఉంటుంది, ఆ నోటికి ఎవరో తెల్ల టేపు అంటించి ఉంటారు. కానీ నిన్ను నొక్కితే! ఒక గిటార్ రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, వెన్నెల పడ్డ గోదావరిలా గది అలలు అలలుగా కదులుతుంది. లాస్ ఏంజెలిస్ స్టూడియోల మేటి వాద్యకారుడు మైకేల్ లాండౌ ఈ చవక డబ్బాను వాడాడంటే, చెవి ఉన్నవాడికి ఒంటి లోహంతో పని లేదని అర్థం.

నల్లని ఒంటి మీద నారింజ అక్షరాల హెవీ మెటలా! నీ కథ తలుచుకుంటే నాకు గర్వమూ, గుబులూ ఒక్కసారే కలుగుతాయి. 1983లో పుట్టావు. మోటు అన్నారు, రోత అన్నారు, పాత సామాన్ల గంపలోకి విసిరారు. స్టాక్‌హోమ్ కుర్రాళ్ళు కొందరు నిన్ను చవగ్గా తెచ్చుకుని, నీ నాబ్‌లన్నీ చివరిదాకా తిప్పి వదిలారు. ఎవరూ నిన్ను అలా వాడమనలేదు. నువ్వు రంపమై లేచావు, మానులు కూలుతున్న అడవివై అరిచావు. 1990లో ఎంటూంబ్డ్ బృందం ‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’ ఆల్బమ్‌లో ఆ అరుపుతోనే ఒక సంగీతానికి పునాది వేసింది. మరుసటి ఏడే నీ తయారీ ఆగింది! దాదాపు ముప్పై ఏళ్ళకు నిన్ను కన్న బాస్ కంపెనీయే నీకు మళ్ళీ ప్రాణం పోసింది. గంపలో దొరికిన నీకు ఇప్పుడు గాజు అర, పట్టు గుడ్డ, కళ్ళు తిరిగే ధర.

ఇదే నా గుబులు. పొగిడితే నువ్వు పెరుగుతావు, పెరిగితే కుర్రాడి చేతికి అందవు. నిన్ను మోగించినవాడు డబ్బులేనివాడు, నిన్ను దాచేవాడు డబ్బున్నవాడు. దాచినవాడి ఇంట నువ్వు మెరుస్తావు, మోగవు. ఏ చెవీ వినని రోజుల్లో నీకు పట్టిన దుమ్మూ, అందరూ చూసే రోజుల్లో నీకు పట్టిన మెరుగూ మూగతనంలో ఒకటే. నా ఈ స్తోత్రం కూడా ఆ పాపంలో పాలుపంచుకుంటుందేమో. అయినా ప్రేమించినదాన్ని పొగడకుండా ఏ నోరు ఊరుకుంటుంది?

అందుకే నీ ఒంటి మీద గీతల్ని నేను తుడవను. అంచున లేచిపోయిన పెయింటు, కింద అంటుకున్న టేపు జిగురు, తిప్పి తిప్పి అరిగిన నాబ్, ఆ నాబ్ పక్కన ఎవరో పెట్టుకున్న గోళ్ళరంగు చుక్క. ఆ ఎర్రచుక్క దగ్గరికి నాబ్ తిప్పుతాను. ముక్కూముఖం తెలియని ఆ మనిషి ఏదో ఒక రాత్రి ‘ఇదే, ఇదే నా గొంతు’ అనుకున్న చోటు అది. అక్కడ నిలిపి మీటితే, నా గదిలో అతని గొంతు పలుకుతుంది. పాత పెడళ్ళు పోగుచేయడమంటే నాకు ఇంతకు మించి ఏమీ లేదు. పోయినవాళ్ళ వినికిడిని నా చెవిలోకి ఎక్కించుకోవడం.

పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట పుట్టినవాణ్ణి. వీణకు కాలు తగలరాదని, మద్దెలను దాటరాదని చెబుతుంటే విని పెరిగినవాణ్ణి. నిన్ను తొలిసారి తొక్కబోతూ నా పాదం గాల్లో ఆగింది. తొక్కితే అపచారం, తొక్కకపోతే నిశ్శబ్దం! అప్పుడు అహల్య గుర్తొచ్చింది. రాయై పడి ఉన్నదాన్ని లేపింది చెయ్యి కాదు, పాదం. నువ్వు కోరే పూజా అదే. పూలొద్దు, గంధమొద్దు, గాజు అర అసలే వద్దు. అరికాలి బరువు కావాలి, ఆ బరువు కింద చిటుక్కుమని స్విచ్ పడాలి, ఎర్రదీపం వెలగాలి, తీగ కేక వెయ్యాలి.

కనుక నా ఇంట నీకు అద్దాల బీరువా ఉండదు. నేల ఉంటుంది, కేబుల్ ఉంటుంది, ఎవరొచ్చినా కాలు మోపి మోగించే స్వేచ్ఛ ఉంటుంది. పక్కింటి పిల్లాడు వచ్చి నీ నాబ్‌లన్నీ చివరిదాకా తిప్పితే అడ్డు చెప్పను. స్టాక్‌హోమ్‌లో ఆ పని ఏం చేసిందో నాకు తెలుసు. ఇంకా ఎవరి అటక మీద, ఏ అట్టపెట్టె అడుగున, బ్యాటరీ కారి, పేరు చెరిగి పడి ఉన్నదానా! నీకు ధర కట్టేవాళ్ళు రాకముందే నేను వస్తాను. స్క్రూడ్రైవరూ, కొత్త బ్యాటరీ తెస్తాను. తెచ్చిన పూటే తొక్కుతాను.