పన్నెండు మెట్లకు మూడు నిమిషాలు చాలవు

నాకు సంగీతం రాదు. చదివింది ఇంజనీరింగు, బతుకుతెరువు సాఫ్ట్‌వేరు. కాబట్టి దీన్ని పండితుల సమీక్ష అనుకోకండి. పిల్లలు పడుకున్నాక యూట్యూబు ముందు కూర్చునే ఒక పాలమూరువాడి గోడు అనుకోండి.

2021లో ‘భీమ్లా నాయక్’ పాట వచ్చినప్పుడు మీలో చాలామందిలాగే నేనూ దర్శనం మొగులయ్య గొంతు మొదటిసారి విన్నాను. పాట మొదట్లో కాసేపు వినిపించే ఆ గొంతూ, ఆ కిన్నెరా నన్ను వదల్లేదు. వెతుక్కుంటూ పోతే ఆయన పాత వీడియోలు దొరికాయి. సొరబుర్రలు, వెదురు బొంగు, మైనంతో నిలిపిన మెట్లు, తీగెలు. వాద్యమంతా ఇంతే. పన్నెండు మెట్లు అనగానే హార్మోనియంలోని పన్నెండు స్వరస్థానాలు గుర్తొచ్చి ఏదో లెక్క కట్టబోయాను. వినడానికి ఆ లెక్క ఎందుకూ కొరగాలేదు.

అసలు విద్యంతా ఆయన కథ చెప్పే తీరులో ఉంది. ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచాడని పాలమూరు జనం చెప్పుకునే పండుగ సాయన్న కథ వినండి. గొంతు వదిలిన చివరి మాటను కిన్నెర అందుకుంటుంది. ఉన్నట్టుండి పాట మాటైపోతుంది, మాట వేగం పుంజుకుని మళ్లీ పాటవుతుంది. అతుకు ఎక్కడుందో కనిపెట్టలేం.

నా ఫిర్యాదల్లా ముక్కలు చేసి పెట్టేవాళ్ల మీద. ‘వింత వాద్యం’ అని పేరు పెట్టి, మాటలు కోసేసి, మూడు నిమిషాల వాయింపు మిగులుస్తారు. కథ పోయి వింత మిగులుతుంది. సినిమా కూడా వీరుణ్ణి కీర్తించే పద్ధతిని తీసుకుని తన కథానాయకుడికి తొడిగింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ పాటే లేకపోతే నేను ఆయన దాకా వెళ్లేవాణ్ణి కాను. 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఇంట్లో మిఠాయి కూడా పంచుకున్నాం.

నిరుడు మా అమ్మ వచ్చినప్పుడు, నేనేదో కనిపెట్టినవాడిలా ఆ వీడియో చూపించాను.

“గిది కిన్నెర గదరా! మనూర్ల గూడ కిన్నెరోళ్లు వస్తుండిరి. వాకిట్ల కూసొని వాయిస్తుండిరి. ఒక్కనాడన్న పీట ఎయ్యకపోతిమి” అంది.

కిన్నెర డక్కలివాళ్ల వాద్యం. ఊరు అందరికన్నా కిందికి నెట్టిన కులం వాళ్లది. చిన్నప్పుడు మా వాకిట్లోనే మోగినదాన్ని వినకుండా పెరిగి, సముద్రాలు దాటొచ్చి దానికి వింత అని పేరు పెట్టాను. వింత ఆ వాద్యంలో లేదు, నా చెవిలో ఉంది.

మన సభల్లో జానపదానికి రెండు నాట్యాల మధ్య పది నిమిషాలు ఇస్తాం. ఈసారి ఒక కథకుణ్ణి పిలిస్తే గంట ఇద్దాం, కథ పూర్తిగా చెప్పనిద్దాం. పిల్లలు కూర్చోరని భయపడకండి. సాయన్న కథను మా అమ్మాయికి నిడివిగా వినిపించాను. సగం మాటలు అర్థం కాలేదు గానీ మధ్యలో ఒక్క ప్రశ్న అడిగింది. “నాన్నా, సాయన్న దొరికిపోయాడా?”

వాద్యం గురించి అసలు అడగనే లేదు.