ఒకే కుక్కర్, రెండు గుమ్మాలు

2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్ ముగిసేచోట పేలిన రెండు బాంబులూ ప్రెషర్ కుక్కర్లలో అమర్చినవే. ముగ్గురు చనిపోయారు, రెండు వందల మందికి పైగా గాయపడ్డారు. ఆ తర్వాత కొన్ని నెలలపాటు అమెరికా పోలీసులు కుక్కర్ మాట వింటేనే ఉలిక్కిపడ్డారంటే తప్పుపట్టలేం. కానీ ఆ భయం ఎవరి గుమ్మానికి ఎలా వెళ్లిందన్నది అడగాల్సిన ప్రశ్న. ఆ ఏడాదే జరిగిన రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు చాలావరకు దొరుకుతుంది.

మొదటిది మే నెలలో, మిషిగన్‌లో. అక్కడ చదువుకుంటున్న ఒక సౌదీ కుర్రాడు కబ్సా వండాడు. మాంసం, మసాలా దినుసులు వేసి చేసే అన్నం అది, మన బిర్యానీకి దగ్గరి చుట్టం. స్నేహితుడి ఇంట్లో భోజనానికని దాన్ని కుక్కర్‌తోనే తీసుకెళ్లాడు. ఇరుగుపొరుగువాళ్లు చూసి కబురు అందించారు. ఎఫ్‌బీఐ వాళ్లు ఇంటికొచ్చి ఆరా తీశారు. అతను కుక్కర్ తెచ్చి చూపించి, అన్నం సంగతి చెప్పాడు. వాళ్లు నమ్మారు. ఇకమీదట ఇలాంటివి పట్టుకుని తిరిగేటప్పుడు జాగ్రత్తగా ఉండమని చెప్పి వెళ్లారని సౌదీ పత్రిక ఒకాజ్ రాసింది.

రెండోది జులై చివర్లో, న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలాండ్‌లో. ఒక అమెరికన్ రచయిత్రి ఇంటికి మఫ్టీలో ఆరుగురు వచ్చారు. ఆ సమయానికి ఇంట్లో భర్త ఒక్కరే ఉన్నారు. బాంబులేమైనా ఉన్నాయా, ప్రెషర్ కుక్కర్ ఉందా అని అడిగారు. రైస్ కుక్కర్ ఉంది, మా ఆవిడ అందులో కీన్వా వండుతుంది అన్నారాయన. ఇల్లు ఓసారి చూసి వెళ్లిపోయారు. తాను కుక్కర్ల కోసం, భర్త వీపుసంచుల కోసం ఇంటర్నెట్‌లో వెతకడమే దీనికి కారణమై ఉంటుందని ఆమె రాసింది. ఎడ్వర్డ్ స్నోడెన్ వెల్లడించిన నిఘా రహస్యాలతో అప్పటికే దేశం ఉడికిపోతోంది. ఆమె రాసింది ఒక్కరోజులో దేశమంతా చదివింది. తర్వాత సఫోక్ కౌంటీ పోలీసులు అసలు సంగతి చెప్పారు. భర్త అంతకుముందు పనిచేసిన కంపెనీ, ఆఫీసు కంప్యూటర్‌లో ‘ప్రెషర్ కుక్కర్ బాంబులు’ అని వెతికినట్టు కనిపించిందని వాళ్లకు ఫిర్యాదు చేసింది.

రెండు ఇళ్లలోనూ దొరికింది ఏమీ లేదు. అరెస్టులూ లేవు. పోలీసు రికార్డులో రెండూ ఒక్కలాగే ముగిసి ఉంటాయి. అయినా నా దృష్టిలో ఈ రెండూ ఒక్కటి కావు.

లాంగ్ ఐలాండ్‌లో పోలీసుల చేతిలో ఒక ఆధారమంటూ ఉంది. బాంబు అనే మాట తెర మీద కనబడింది. ఇంటికి రావడానికి అది చాలునా అని వాదించుకోవచ్చు. నేనైతే ఒక పలకరింపు వరకు చాలుననే అంటాను. మిషిగన్‌లో ఏముంది? చేతిలో వంటపాత్రతో నడిచి వెళ్తున్న ఒక కుర్రాడు. అంతకుమించి ఏమీ లేదు. అమెరికాలో వారాంతం వస్తే పాట్‌లక్ విందులకు వండిన పాత్రలు పట్టుకుని లక్షల మంది వెళ్తారు, మన తెలుగువాళ్లు కూడా. ఆ కుర్రాడి రంగు, రూపం, దేశం తీసేస్తే ఫోన్ చేయడానికి కారణమే మిగలదు.

రచయిత్రి కథనంలో చాలామంది దాటిపోయిన చిన్న వివరం ఒకటుంది. మీరు ఎక్కడివారు, మీ తల్లిదండ్రులు ఎక్కడివారు అని కూడా ఆ భర్తను అడిగారు. కంప్యూటర్‌లో వెతికిన మాటలు కళ్లముందున్నా, పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తేగానీ వాళ్ల అనుమానం ఒక కొలిక్కి రాలేదన్నమాట. లాంగ్ ఐలాండ్‌లో ఆ ప్రశ్న, ఆధారం దొరికాక వచ్చిన పరిశీలన. మిషిగన్‌లో దానికి జవాబు ముందే ముఖం మీద చదివేశారు, తలుపు తట్టింది ఆ తర్వాతే.

పత్రికల తీరు చూడండి. లాంగ్ ఐలాండ్ సంఘటన పౌరస్వేచ్ఛ మీద, ప్రభుత్వ నిఘా మీద పెద్ద చర్చకు దారితీసింది. కబ్సా సంగతి మాత్రం చాలాచోట్ల చిత్రమైన చిన్న వార్తగా వచ్చి పోయింది. ‘జాగ్రత్తగా ఉండు’ అన్న సలహాను ఎవరూ నిలదీయలేదు. నాకు అన్నిటికంటే కష్టం కలిగించింది ఆ సలహాయే. పొరపాటు పడింది చూసినవాళ్లు, సర్దుకోవలసింది వండినవాడా?

అదే మే నెలలో డెట్రాయిట్ విమానాశ్రయంలో ఇంకో సౌదీ ప్రయాణికుణ్ణి పట్టుకున్నారు. అమెరికాలో చదువుతున్న తన ఇంటి పిల్లవాడి కోసం సామానులో కుక్కర్ తెచ్చాడు. ఎందుకు తెచ్చావంటే అతని జవాబులు మారాయి, పాస్‌పోర్టులో ఒక పేజీ లేదు. ఇవి అడగదగిన ప్రశ్నలే, కాదనను. చివరికి కేసు ఎత్తేసి ఇంటికి పంపేశారు. చదువులకు వెళ్లే మన పిల్లల పెట్టెల్లోనూ బట్టల మధ్య కుక్కర్ పెట్టి పంపుతాం గనుక ఈ సంగతి మనకు దూరం కాదు.

బ్రిటన్‌లో ఇది నాలుగేళ్ల పిల్లవాడి దాకా వెళ్లింది. లూటన్‌లో ఒక పసివాడు, వాళ్ల నాన్న కీరదోసకాయ కోస్తున్న బొమ్మ గీశాడు. నర్సరీ సిబ్బందికి ‘కుకుంబర్’ అన్న మాట ‘కుక్కర్ బాంబ్’ అని వినబడింది. 2016లో ఈ వార్త బయటికొచ్చేసరికి, తీవ్రవాదం వైపు వెళ్లేవారిని కనిపెట్టి చెప్పడం 2015 చట్టం ప్రకారం అక్కడి టీచర్ల బాధ్యత అయివుంది.

మన దేశంలో తలుపు తట్టడంతో ఆగదు. 2006 జులై 11న ముంబై లోకల్ రైళ్లలో బాంబులు పేలి 180 మందికి పైగా చనిపోయారు. బాంబులు కుక్కర్లలో పెట్టారన్న కథనం దర్యాప్తు నుంచే వచ్చింది. 12 మంది ముస్లింలకు 2015లో శిక్షలు పడ్డాయి, ఐదుగురికి ఉరి. 2025 జులై 21న బొంబాయి హైకోర్టు అందరినీ నిర్దోషులుగా తేల్చింది. వాడిన బాంబులు ఏ రకానివో కూడా ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయిందని చెప్పింది. ఆ తీర్పును వేరే కేసుల్లో ఉదాహరణగా చూపకూడదని సుప్రీంకోర్టు ఆదేశించింది గానీ, వాళ్లను తిరిగి జైలుకు పంపలేదు. తీర్పు వచ్చేనాటికే ఆ పన్నెండు మందిలో ఒకాయన జైల్లో ఉండగానే చనిపోయారు.

పోలీసులు తలుపు తట్టే ముందు తమ అనుమానానికి కారణం కాగితం మీద రాయాలి. అందులోంచి పేరు, మతం, దేశం కొట్టేస్తే ఏమీ మిగలకపోతే ఆ ఇంటికి వెళ్లకూడదు. మిషిగన్‌లో మొదట ఫోన్ ఎత్తింది మాత్రం పోలీసులు కారు, పక్కింటివాళ్లు. అందుకే పాఠకులకు కూడా ఒక మనవి: పక్కింటివాళ్ల చేతిలో గిన్నె చూసి అనుమానం కలిగితే, పోలీసులకంటే ముందు వాళ్లనే పలకరించండి.