డ్రమ్ము విప్పే చేతులు

విశాఖ ఉప్పుగాలికి కారులో త్వరగా లొంగిపోయే చోటు వెనక చక్రాల పైగూడు. దాని అంచు మడతలో బురద చేరి, తడి ఆరక, రేకును లోపల్నుంచి తినేస్తుంది. మంచి మెకానిక్ బ్రేకు డ్రమ్ము ఊడదీసినప్పుడే అక్కడా వేలు పెట్టి చూస్తాడు.

నాకు ముచ్చటేసేది అతని ఓపిక. బ్రేకు షూల దుమ్మును గాలితో ఊదడు (పాత షూలలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు), తడిగుడ్డతో తుడుస్తాడు. వీల్ సిలిండర్ రబ్బరు అంచు ఎత్తి ఆయిల్ చెమ్మ ఉందేమో చూస్తాడు. షూ ఆనే చోట్ల గ్రీజు చుక్కే వేస్తాడు. ఎక్కువైతే లైనింగుకు అంటి బ్రేకు పట్టదు. బిగించాక చక్రం తిప్పుతూ, షూ రాసుకునే సన్నని చప్పుడు వినబడేదాకా అడ్జస్టర్ పన్ను తర్వాత పన్ను జరుపుతాడు.

పైగూడు మడతలోని తుప్పు గీకకుండానే నల్ల కోటింగు కొట్టేసేవాళ్లూ ఉన్నారు. అది తడిని లోపల దాచిపెట్టడమే! ఇతను మాత్రం ముందు మడత కడిగి, ఎండలో ఆరబెడతాడు.