ఆటిజం చికిత్సలో వస్తువు – మనోవిశ్లేషణ దృక్పథం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: ఆటిజం ఉన్న పిల్లలు పట్టు విడువని వస్తువులను మనోవిశ్లేషకులు ఏ విధంగా అర్థం చేసుకున్నారో, ఆ అవగాహన సైబరాబాద్ సందర్భంలో ఎంతవరకు ఉపకరిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆటిజం, మనోవిశ్లేషణ, సంధివస్తువు, టస్టిన్, సైబరాబాద్.

1. ప్రవేశిక

తెలుగు సాహిత్యవిమర్శలో ‘వస్తువు’ అంటే ఇతివృత్తం. మనోవిశ్లేషణలో ‘ఆబ్జెక్ట్’ అంటే ప్రధానంగా మనసు ఆశ్రయించే వ్యక్తి, తొలుత తల్లి. ఆటిజం చర్చలో మాత్రం అది చేతికి తగిలే వస్తువే: బొమ్మ కారు, తాళంచెవి, సీసా మూత. ఈ భేదాన్ని గుర్తించకపోతే అనువాదంలో సిద్ధాంతమే తారుమారవుతుంది.

2. సంధి, గోడ, గట్టు

పసిబిడ్డ వదలని దుప్పటి, మెత్తని బొమ్మ వంటివి బిడ్డకూ బాహ్యప్రపంచానికీ నడుమ నిలుస్తాయని డొనాల్డ్ వినికాట్ 1953లో ప్రచురించిన వ్యాసంలో వివరించారు. వీటిని ‘సంధివస్తువులు’ అనవచ్చు. 1980 నాటి వ్యాసంలో ఫ్రాన్సిస్ టస్టిన్ వివరించిన ‘ఆటిస్టిక్ వస్తువు’ దీనికి భిన్నమైనది. అది సాధారణంగా గట్టిది. పిల్లవాడు కారును నడపడు. అరచేతిలో అచ్చుపడేలా బిగించి పట్టుకుంటాడు. ఆ స్పర్శే అతనికి రక్షణ. అయితే అది మనుషులతో సంబంధానికి అడ్డుగోడ అవుతుందని టస్టిన్ భావించారు. ఫ్రెంచి మనోవిశ్లేషకుడు జాన్-క్లోద్ మాల్వాల్ 2009 నాటి గ్రంథంలో ఇటువంటి వస్తువుకు సానుకూలమైన పాత్రను కూడా గుర్తించారు. ఆయన దృష్టిలోని వస్తువును పొలం గట్టుతో పోల్చవచ్చు: అది హద్దూ అవుతుంది, నడిచే దారీ అవుతుంది. పశువులను బిగించి పట్టే పరికరాన్ని చూసి టెంపుల్ గ్రాండిన్ తనకోసం ఒత్తిడియంత్రాన్ని నిర్మించుకున్న ఉదంతం ఈ దృష్టిని బలపరుస్తుంది.

3. పరిమితులు

ఈ సిద్ధాంతాలను యథాతథంగా స్వీకరించడం సాధ్యం కాదు. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ఆటిజానికి తల్లిదండ్రుల వైఖరిని కారణంగా చూపారు. ఆటిజం నాడీవికాస సంబంధమైనదని తేలడంతో ఆ వాదం నిలవలేదు. అది తల్లులకు చేసిన గాయం మాత్రం మిగిలింది. శిశువులందరికీ సహజమైన ఆటిస్టిక్ దశ ఉంటుందన్న తన పూర్వాభిప్రాయం పొరపాటని టస్టిన్ స్వయంగా 1994లో ప్రకటించారు. ఫ్రాన్స్ ఉన్నత ఆరోగ్య సంస్థ 2012లో సిఫారసు చేసిన పద్ధతులలో మనోవిశ్లేషణ లేదు.

4. సైబరాబాద్ సందర్భం

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ వంటి ప్రాంతాలలో ఐటీ ఉద్యోగుల కుటుంబాలు అధికం. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళడం వల్లనే, ఫోన్ చేతికివ్వడం వల్లనే ఆటిజం వచ్చిందనే మాట బెటెల్‌హైమ్ వాదానికి కొత్త రూపం. తెర చూసే సమయాన్ని తగ్గించడం వేరు. తెరనే కారణంగా నిర్ణయించి తల్లిని దోషిగా నిలబెట్టడం వేరు. ఇక ప్రవర్తనా చికిత్సలో ఇష్టమైన వస్తువు తరచుగా చెప్పిన పని చేసినందుకు ఇచ్చే ప్రతిఫలమవుతుంది. దానితో పిల్లవాడు ఏం చేస్తున్నాడన్న ప్రశ్న అక్కడ వెనుకబడుతుంది.

5. ముగింపు

కారణాన్ని నిర్ణయించడంలో మనోవిశ్లేషణ విఫలమైంది. కానీ వస్తువును లాక్కునే ముందు గమనించాలన్న దాని పాఠానికి నేటికీ విలువ ఉంది. అపార్ట్‌మెంటు లిఫ్టు మీటలను వదలని పిల్లవాడిని పక్కకు లాగవచ్చు. లేదా పక్కనే నిలబడి, అతడు నొక్కిన అంతస్తు సంఖ్యను పలకవచ్చు. రెండవ పని వల్ల మాట వస్తుందన్న హామీ లేదు. అయితే అతడు ఎంచుకున్న చోట మరో మనిషికి స్థానం దొరికే అవకాశం అందులోనే ఉంది.