‘పార్ట్‌నర్’ పదం – కూలి లెక్క

జీతం, కూలి, బత్తెం, పాలు – శ్రమ ప్రతిఫలాన్ని తెలుగువారు వేర్వేరు పదాలతో గుర్తించారు. ప్రతి పదం వెనుక ఖర్చెవరిది, నష్టమెవరిది అనే ఒప్పందం ఉంది. పాలుకు సేద్యం చేసే రైతుకు పంటలో తన వాటా ఎంతో ముందే తెలుసు.

అమీర్‌పేట హాస్టళ్లకు, పంజాగుట్ట నివాసాలకు ఆహారం చేరవేసేవారిని సంస్థలు ‘డెలివరీ పార్ట్‌నర్’లంటున్నాయి. ఈ భాగస్వామికి లాభంలో వాటా లేదు; ఆర్డరుకు దక్కే మొత్తాన్ని నిర్ణయించే అధికారమూ లేదు. పెట్రోలు, బండి మరమ్మతు, ఫోను ఖర్చులు మాత్రం అతనివే. కోరినప్పుడు లాగిన్ కావచ్చుననే వెసులుబాటు మైత్రీవనంలో శిక్షణ పొందే విద్యార్థికి విలువైనదే. అయితే పనివేళను ఎంచుకోవడం, పని విలువను నిర్ణయించడం ఒకటి కావు.

ఉద్యోగిగా గుర్తిస్తే, చట్టం వర్తించే వేతన పరిమితిలో యజమాని సాధారణంగా భవిష్యనిధికి 12 శాతం, ఈఎస్‌ఐకి 3.25 శాతం చెల్లించాలి. కనీస వేతనమూ హక్కవుతుంది. ‘పార్ట్‌నర్’ అనే మాట ఈ బాధ్యతలన్నింటినీ తప్పిస్తుంది. అందువల్ల ఖర్చులు తీసివేయని మొత్తాన్ని సంపాదనగా చూపడం లెక్కలో దోషమే కాదు, అర్థదోషం కూడా.

సామాజిక భద్రతా స్మృతి–2020 గిగ్ కార్మికుణ్ణి నిర్వచనంలోనే సంప్రదాయ యజమాని–ఉద్యోగి సంబంధానికి వెలుపల నిలిపింది. అగ్రిగేటర్లు వార్షిక టర్నోవరులో 1–2 శాతం సామాజిక భద్రతకు చెల్లించాలన్న నియమం, తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో ప్రకటించిన 5 లక్షల రూపాయల ప్రమాద బీమా అవసరమైనవే. కాని అవి ఆపదలో ఆసరా మాత్రమే; రోజుకూలికి ప్రత్యామ్నాయాలు కావు. వర్గీకరణను ప్రశ్నించని సంక్షేమం కూలి ప్రశ్నను దాటవేస్తుంది.